వాకిన్‌కు వెళ్లే ముందు రెజ్యూమె ఎట్లా రాసుకోవాలి

జడ్చర్ల పోలేపల్లి సెజ్‌లోనో, చౌటుప్పల్ వైపు బల్క్ డ్రగ్ కంపెనీల్లోనో వాకిన్ (ముందు దరఖాస్తు లేకుండా నేరుగా వెళ్లే ఇంటర్వ్యూ) పెడితే, గేటు బయట క్యూలో నిలబడ్డ చాలామంది చేతుల్లో ఒకే కాగితం ఉంటుంది. పేరు, ఫోన్ నంబరు మాత్రమే మారతాయి. పైన పెద్దక్షరాలతో 'కరికులం విటే', దాని కింద 'సవాళ్లతో కూడిన సంస్థలో నా నైపుణ్యాలను వినియోగించి ఎదగడం' అనే ఆబ్జెక్టివ్, చివర తండ్రి పేరు, మతం, హాబీలు, 'పై వివరాలన్నీ నిజమని ధ్రువీకరిస్తున్నాను' అన్న డిక్లరేషన్. బస్టాండ్ దగ్గరి జిరాక్స్ సెంటర్‌లో ఎప్పటిదో ఒక ఫైలు ఉంటుంది, దాంట్లోనే అందరి పేర్లూ మారుస్తుంటారు. అట్లాంటి కాగితాలు కట్టగా ముందుకొచ్చినప్పుడు ఒక్కోదాని మీద హెచ్‌ఆర్ మనిషి పెట్టే సమయం చాలా తక్కువ. ఏ చదువు, ఏ సంవత్సరం, ఏ పని వచ్చు, ఎక్కడి మనిషి. ఈ నాలుగూ మొదటి సగం పేజీలో దొరకాలి.

కొత్తగా చదువు అయిపోయినవాళ్లకు, ఐదారేళ్ల లోపు అనుభవం ఉన్నవాళ్లకు ఒక్క ఏ4 పేజీ చాలు. ఫైలు ఇంగ్లీషులోనే ఉండాలి. ఇక్కడ ఉదాహరణలు తెలుగులో ఇస్తున్నది అర్థం కోసమే.

ప్రకటన చదవకుండా కంప్యూటర్ ముందు కూర్చోవద్దు

ప్రకటనను ఫోన్‌లో తెరిచి పెట్టుకుని మూడు సంగతులు చూడండి: ఏ డిపార్ట్‌మెంటు, ఏ చదువు ఏ ఏడు పాసైనవాళ్లు, ఏ యంత్రం లేదా ఏ పని పేరు రాశారు. ఫార్మాలో ఏపీఐ వేరు, ఫార్ములేషన్ వేరు. ఏపీఐ అంటే ముడి మందు తయారీ, అక్కడ రియాక్టర్, సెంట్రిఫ్యూజ్, డ్రయ్యర్ తెలిసిన మనిషి కావాలి. ఫార్ములేషన్ అంటే గ్రాన్యులేషన్, కంప్రెషన్, కోటింగ్, ప్యాకింగ్. రెండేళ్లు టాబ్లెట్ కంప్రెషన్ చేసి, కాగితం మీద 'ప్రొడక్షన్‌లో రెండేళ్ల అనుభవం' అని మాత్రమే రాస్తే రెండు వైపులా నష్టమే. ఏపీఐ వాళ్లు లోపలికి పిలిచి వెనక్కి పంపుతారు, ఫార్ములేషన్ వాళ్లకు మీరు పనికొచ్చే మనిషని తెలియనే తెలియదు.

ప్రకటనలో ఏ మాట ఉందో ఆ మాటే వాడండి. వాళ్లు 'క్వాలిటీ కంట్రోల్' అంటే మీరు 'ల్యాబ్ వర్క్' అని రాయొద్దు. నౌకరీ లాంటి సైట్లలో రిక్రూటర్లు మాట టైప్ చేసి వెతుకుతారు. ఆ మాట మీ ఫైల్లో లేకపోతే మీ పేరు వాళ్ల జాబితాలోకే రాదు. 'క్వాలిటీ కంట్రోల్' అని పూర్తిగా ఒకసారి, 'క్యూసీ' అని పొట్టిగా ఒకసారి రాస్తే రెండు వెతుకులాటల్లోనూ దొరుకుతారు.

పేరు, నంబరు, ఊరు

పేరు పదో తరగతి మెమోలో ఉన్నట్టే రాయాలి. మన దగ్గర ఇంటిపేరు ముందు, అది కూడా ఒక్కక్షరంగా రాయడం అలవాటు. మెమోలో ఒకరకం, ఆధార్‌లో ఒకరకం, పాన్‌లో ఇంటిపేరు చివర. ఉద్యోగం వచ్చాక పీఎఫ్ ఖాతాను ఆధార్‌తో కలిపేటప్పుడు ఈ తేడా దగ్గరే పని ఆగిపోతుంది. రెజ్యూమె రాసే రోజే ఈ మూడూ పక్కన పెట్టి పోల్చండి. తేడా ఉంటే ఆధార్ సవరణకు ఇప్పుడే వెళ్లండి, ఆఫర్ లెటర్ వచ్చాక ఉరుకులు పెట్టడం కంటే అది నయం.

ఈమెయిల్ మీ సొంతది ఉండాలి. జిరాక్స్ సెంటర్‌లో ఎవరో తెరిచిపెట్టిన ఐడీ, పాస్‌వర్డ్ తెలియని ఐడీ అయితే ఇంటర్వ్యూ కాల్ లెటర్ ఎవరూ తెరవని పెట్టెలో పడి ఉంటుంది. పేరు, ఇంటిపేరు కలిపి కొత్త జీమెయిల్ చేసుకోండి. ఫోన్ నంబర్లు రెండు ఇవ్వండి. రెండోది ఇంట్లో వాళ్లదైతే పక్కన 'అన్న నంబరు' లాంటి మాట ఉండాలి, వాళ్లకూ ముందే చెప్పి పెట్టాలి. రీచార్జ్ అయిపోయి మూలన పడ్డ సిమ్ నంబరు ఇస్తే మొత్తం శ్రమ వృథా.

చిరునామాకు ఇంటి నంబరు, వీధి, పిన్‌కోడ్ అక్కర్లేదు. ఊరు, మండలం, జిల్లా చాలు. జిల్లా ఇప్పటిది రాయండి. 2016 అక్టోబరులో ఉమ్మడి నల్లగొండ మూడు జిల్లాలైంది. మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల అప్పుడే విడిపోయాయి, నారాయణపేట 2019లో వచ్చింది. పాత సర్టిఫికెట్లలో పాత జిల్లా ఉన్నా ఫర్వాలేదు. కంపెనీ బస్సు తిరిగే రూటు మీద మీ ఊరు ఉంటే అది పైనే కనబడేటట్టు రాయండి. షిఫ్టు ఉద్యోగాల్లో రోజూ టైముకు చేరుకునే మనిషి దొరకడం వాళ్లకు పెద్ద సంగతి. దూరం ఊరైతే 'ప్లాంటు దగ్గర ఉండటానికి సిద్ధం' అని ఒక ముక్క. నిజంగా సిద్ధమైతేనే రాయండి.

ఆబ్జెక్టివ్ స్థానంలో రెండు లైన్లు

అరువు తెచ్చుకున్న ఆబ్జెక్టివ్‌ను తీసేసి, మీరెవరో రెండు లైన్లలో చెప్పండి. 'బీఎస్సీ కెమిస్ట్రీ, 2024, బ్యాక్‌లాగ్‌లు లేవు. టైట్రేషన్, పీహెచ్ మీటర్ కాలిబ్రేషన్ సొంతంగా చేయగలను. రాత్రి షిఫ్టుకు సిద్ధం. జడ్చర్ల నివాసం.' ఫ్రెషర్‌కు ఇంతే. అనుభవం ఉన్నవాళ్లయితే మొదటి లైన్‌లో ఎన్నేళ్లు, ఏ డిపార్ట్‌మెంటు, ఏ యంత్రాలు. రెండో లైన్‌లో నోటీసు పీరియడ్, అంటే మానేస్తానని చెప్పాక పాత కంపెనీలో ఇంకా ఎన్ని రోజులు చేయాలో.

చదువు

పైనుంచి కిందికి కొత్తది ముందు: డిగ్రీ, ఇంటర్, పది. ఒక్కోదానికి ఒక్క లైను. కాలేజీ పేరు పూర్తిగా రాయండి. నల్లగొండలో ఎన్‌జీ కాలేజ్ అంటే అందరికీ తెలుసు, ముంబై నుంచి వచ్చిన హెచ్‌ఆర్ మేనేజర్‌కు తెలియదు. 'నాగార్జున ప్రభుత్వ డిగ్రీ కళాశాల, నల్లగొండ' అనాలి. యూనివర్సిటీ విషయంలో ఇంకో చిక్కు ఉంది: మహాత్మాగాంధీ యూనివర్సిటీ అనే పేరుతో కేరళ కొట్టాయంలోనూ ఒకటుంది. పక్కన నల్లగొండ అని రాయకపోతే వెరిఫికేషన్ మెయిల్ అటు పోయినా ఆశ్చర్యం లేదు. పాలమూరు యూనివర్సిటీకి కూడా పక్కన మహబూబ్‌నగర్ అని పెట్టండి, పాలమూరు అంటే ఏ ఊరో బయటివాళ్లకు తెలియదు.

మార్కులు మెమోలో ఏ రూపంలో ఉంటే ఆ రూపంలోనే. డిగ్రీకి సీజీపీఏ, ఇంటర్‌కు వెయ్యికి ఎన్ని, ఉదాహరణకు 782/1000. 2025లో పదో తరగతికి మళ్లీ మార్కులు వచ్చాయి, అంతకుముందు కొన్నేళ్లు జీపీఏనే. ఆ జీపీఏను 9.5తో గుణించి శాతం రాసేవాళ్లున్నారు. అది సీబీఎస్‌ఈ లెక్క, మన రాష్ట్ర బోర్డు మెమోకు వర్తించదు. 8.7/10 ఉంటే 8.7/10 అనే రాయండి. సప్లిమెంటరీలో పాసైతే ఆ పాసైన నెల, సంవత్సరమే రాయాలి. ప్రకటనలో 2024 పాసౌట్ అడిగారని 2025ను మార్చి రాస్తే, ఒరిజినల్ మెమో చూసే టేబుల్ దగ్గరే దొరికిపోతారు.

ఐటీఐ వాళ్లు ట్రేడ్ పేరుతో పాటు సర్టిఫికెట్ ఎన్‌సీవీటీదా (జాతీయ కౌన్సిల్) ఎస్‌సీవీటీదా (రాష్ట్ర కౌన్సిల్) రాయాలి. అప్రెంటిస్ చేసి నేషనల్ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ తెచ్చుకుంటే దానికి సొంత లైను ఇవ్వండి. చాలామంది దాన్ని చదువు కింద ఎక్కడో ఇరికిస్తారు. మెయింటెనెన్స్ ఉద్యోగాలకు అది చదువు కంటే ఎక్కువ మాట్లాడుతుంది.

చేసిన పని

కాగితంలో సగం ఈ భాగానిదే. 'ప్రొడక్షన్ పనులు చూసుకున్నాను', 'టీమ్‌తో కలిసి పనిచేశాను' లాంటి లైన్లు ఎవరైనా రాయగలరు, అందుకే ఎవరూ చదవరు. ప్రతి లైన్‌లో మూడు ఉండాలి: ఏం చేశారు, దేనితో చేశారు, ఎంత చేశారు.

ఏపీఐ ఆపరేటర్ లేదా కెమిస్ట్ అయితే రియాక్టర్ సామర్థ్యం రాయాలి. 'గ్లాస్ లైన్డ్ రియాక్టర్లు రెండు, ఒక్కోటి 5 కిలోలీటర్లు. ముడిసరుకు చార్జింగ్, ఉష్ణోగ్రత నమోదు, బ్యాచ్ రికార్డు ఆన్‌లైన్‌లో నింపడం. షిఫ్టుకు ముగ్గురు హెల్పర్లు నా కింద.' ఇందులో విశేషణం ఒక్కటీ లేదు, అయినా పని తెలిసిన మనిషని చదివినవాళ్లకు అర్థమవుతుంది. 'ఆన్‌లైన్' అన్న మాట కంప్యూటర్ గురించి కాదు, పని జరుగుతుండగానే రికార్డు నింపడం గురించి. ఆడిట్లు ఎదుర్కొన్న ప్లాంట్లు ఈ ముక్క కోసం చూస్తాయి. ఆడిట్ టైములో మీరక్కడే ఉన్నారంటే ఏ ఆడిట్, ఏ సంవత్సరం అని ఒక లైను.

క్యూసీ వైపు వెళ్లేవాళ్లు పరికరాల పేర్లు వరుసగా పేర్చేస్తారు: హెచ్‌పీఎల్‌సీ, జీసీ, యూవీ, కార్ల్ ఫిషర్. అందులో కొన్ని కాలేజీ ల్యాబ్‌లో దూరం నుంచి చూసినవే. ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న దాని మీదే పడుతుంది: మొబైల్ ఫేజ్ ఏంటి, ఏ కాలమ్, వేవ్‌లెంగ్త్ ఎంత పెట్టారు. అక్కడ నోరు పెగలకపోతే మిగతా కాగితం కూడా అబద్ధంలా కనిపిస్తుంది. అందుకే రెండు వరుసలు చేయండి: 'సొంతంగా నడిపినవి', 'ప్రదర్శనలో చూసినవి'. ఫ్రెషర్ పీహెచ్ మీటర్‌ను 4, 7, 9.2 బఫర్లతో కాలిబ్రేట్ చేయడం వచ్చని నిజాయితీగా రాస్తే, హెచ్‌పీఎల్‌సీ వచ్చని గొప్పగా రాసినవాళ్ల కంటే ముందుంటారు.

ఫిట్టర్, ఎలక్ట్రీషియన్, వెల్డర్ కాగితాలు అరపేజీతో ఆగిపోతుంటాయి, రాయడానికేమీ లేదనుకుంటారు. ఫిట్టర్ అయితే సెంట్రిఫ్యూగల్ పంపులకు మెకానికల్ సీల్ మార్చడం, గ్లాండ్ ప్యాకింగ్, కప్లింగ్ అలైన్‌మెంట్, 0.02 మిల్లీమీటర్ల దాకా వెర్నియర్ చదవడం. ఎలక్ట్రీషియన్ అయితే ఎన్ని హెచ్‌పీ మోటార్ల దాకా చూశారు, స్టార్ డెల్టా స్టార్టర్ వైరింగ్, మెగ్గర్ టెస్టు, వీఎఫ్‌డీ, చేతిలో ఉన్న వైర్‌మన్ పర్మిట్. వెల్డర్ అయితే ఆర్క్‌నా టిగ్‌నా, ఏ పొజిషన్ దాకా (3జీ, 6జీ), ఏ ఎలక్ట్రోడ్. హుజూర్‌నగర్, మట్టంపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీల్లో షట్‌డౌన్ పనులకు కాంట్రాక్టర్ కింద వెళ్లినవాళ్లు దాన్ని అనుభవం అనుకోరు. అనుకోవాలి. కాంట్రాక్టర్ పేరు, ఫ్యాక్టరీ పేరు, ఏ నెలల్లో, కిల్న్ దగ్గరా మిల్లు దగ్గరా, అన్నీ రాయండి. దామరచర్ల థర్మల్ ప్లాంటు పనులకైనా ఇదే పద్ధతి. కంపెనీ రోల్స్ మీద పనిచేసినట్టు మాత్రం రాయొద్దు, 'ఫలానా కాంట్రాక్టర్ ద్వారా' అనండి.

మిర్యాలగూడ రైస్ మిల్లులో బాయిలర్ దగ్గర పనిచేసిన మనిషికి బాయిలర్ అటెండెంట్ సర్టిఫికెట్ ఉంటే అది మొదటి రెండు లైన్లలోకే రావాలి. ఫస్ట్ క్లాసా సెకండ్ క్లాసా కూడా. అకౌంట్స్ వాళ్లు 'ట్యాలీ వచ్చు' అని వదిలేయకుండా రోజుకు ఎన్ని ఇన్‌వాయిస్‌లు వేశారు, ఈ-వే బిల్లులు, జీఎస్టీ రిటర్నులు సొంతంగా వేశారా ఆడిటర్‌కు లెక్క అందించారా అన్నది విడదీసి చెప్పాలి.

సొంత పొలం పని సంగతి. గద్వాల ప్రాంతంలో పత్తి విత్తనోత్పత్తి ఇంటింటి పని. సీడ్ కంపెనీలో ఫీల్డ్ అసిస్టెంటుకు దరఖాస్తు పెట్టే అబ్బాయి రెజ్యూమెలో ఆ మాటే ఉండదు, 'అనుభవం లేదు' అని ఉంటుంది. 'కుటుంబ పొలంలో రెండెకరాల హైబ్రిడ్ పత్తి విత్తనోత్పత్తి, మూడు సీజన్లు. మొగ్గ గిల్లడం, క్రాసింగ్, పదిహేను మంది కూలీల పర్యవేక్షణ, ఐసోలేషన్ దూరం పాటించడం' అని రాస్తే ఆ కంపెనీకి అంతకంటే దగ్గరి అనుభవం ఇంకెక్కడుంది? టూ వీలర్ లైసెన్సు, తిరగగల మండలాల పేర్లు కింద కలపండి.

ప్రైవేటు బడుల్లో చేసినవాళ్లకు ఒక్క మాట: ఏ తరగతులు, ఏ సబ్జెక్టు, ఏ మీడియం, ఎన్ని సెక్షన్లు, టెట్ పాసైతే ఏ పేపరు, ఎన్ని మార్కులు. మిగతాది డెమో క్లాసు తేలుస్తుంది. సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లేవాళ్లు ప్రాజెక్టు పేరు బదులు అందులో మీరు రాసిన భాగం ఏదో చెప్పి, కోడ్ లింకు ఇవ్వండి. లింకు తెరుచుకుంటుందో లేదో వేరే ఫోన్‌లో చూడండి.

భాషల వరుసను తేలిగ్గా తీసుకోవద్దు. మన ప్లాంట్లలో హెల్పర్లు, ఆపరేటర్లు చాలామంది ఉత్తరాది నుంచి, ఒడిశా నుంచి వచ్చినవాళ్లు. షిఫ్టు ఇన్‌చార్జికి హిందీ రాకపోతే పని నడవదు. పాలమూరులో ఉర్దూ, హిందీ మాట్లాడుతూ పెరిగినవాళ్లు అది రాయడమే మరచిపోతారు. నారాయణపేట, గద్వాల వాళ్లకు కన్నడం వస్తే సేల్స్ ఉద్యోగానికి రాయచూరు వైపు కూడా దారి ఉంటుంది. 'మాట్లాడగలను', 'చదవగలను' అని విడివిడిగా రాయండి.

ఖాళీ సంవత్సరాలు

డిగ్రీ 2021లో అయిపోయి ఇప్పటిదాకా ఏం చేశారన్నది తప్పకుండా అడుగుతారు. గ్రూప్స్‌కో, కానిస్టేబుల్‌కో చదివిన సంవత్సరాలు దాచాల్సినవి కావు. 'పోటీ పరీక్షల సన్నద్ధత, 2022 నుంచి 2024' అని ఒక లైను చాలు. ప్రిలిమ్స్ దాటితే ఆ సంగతి కలపండి. ఆ రోజుల్లో ట్యూషన్లు చెప్పినా, మెడికల్ షాపులో కూర్చున్నా అదీ రాయండి. ఇంకా ఆ పరీక్షలు రాస్తూనే ఉన్నారా అని మాత్రం అడుగుతారు, జవాబు ముందే అనుకుని వెళ్లండి.

ఆ ఖాళీని దొంగ అనుభవంతో నింపే కన్సల్టెన్సీల జోలికి పోవద్దు. పైసలు తీసుకుని ఎక్స్‌పీరియన్స్ లెటర్, పే స్లిప్పులు ఇస్తారు. కానీ పీఎఫ్ యూఏఎన్‌లో (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబరు) సర్వీస్ హిస్టరీ ఉంటుంది, ఏ సంస్థలో ఏ తేదీన చేరి ఏ తేదీన మానేశారో అందులో కనబడుతుంది. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ వాళ్లు దాన్నే అడుగుతారు. నిజమైన అనుభవం ఉన్నవాళ్లు కూడా రెజ్యూమెలో తేదీలు వేసేముందు ఆ హిస్టరీ ఒకసారి తెరిచి చూడాలి. పాత కంపెనీ మానేసిన తేదీ నమోదు చేయకపోతే మీరు ఒకేసారి రెండుచోట్ల పనిచేస్తున్నట్టు కనిపిస్తుంది. చివరి పీఎఫ్ జమ అయ్యి రెండు నెలలు దాటాక ఆ తేదీని మెంబర్ పోర్టల్‌లో మీరే వేసుకోవచ్చు.

తీసేయాల్సినవి

మతం, కులం, తండ్రి వృత్తి, హాబీలు, డిక్లరేషన్, రెఫరెన్సులు, ఎవరూ అడగని ఫొటో. ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీ సొంత ఫారం ఇస్తే అందులో అడిగినవి ఆ ఫారంలో నింపండి, రెజ్యూమెలోకి తేవద్దు. పుట్టిన తేదీ రాయొద్దనే పట్నం సలహా మాత్రం ఇక్కడ కుదరదు. ట్రెయినీ పోస్టులకు వయసు పరిమితి పెడుతుంటారు, ప్రకటనలో వయసు ఉంటే పుట్టిన తేదీ రాయండి. ఆధార్, పాన్, బ్యాంకు ఖాతా నంబర్లు ఎప్పుడూ రాయకూడదు. మీ కాగితం ఎన్ని వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుందో మీ చేతిలో ఉండదు.

ఫైలు

వర్డ్‌లో పేజీ సైజు ఏ4కు మార్చుకోండి. కొన్నిచోట్ల లెటర్ సైజు ఉండిపోయి ప్రింటులో అడుగు లైను తెగుతుంది. అక్షరాలు క్యాలిబ్రీ లేదా ఏరియల్, సైజు 11, పేరు మాత్రం 16. నాలుగు వైపులా రెండు సెంటీమీటర్ల మార్జిన్. రంగుల పట్టీలు, రెండు కాలమ్‌లు, నైపుణ్యాలకు నక్షత్రాలు వద్దు. జాబ్ సైట్ల సాఫ్ట్‌వేర్ టేబుళ్లను, టెక్స్ట్ బాక్సులను తప్పు వరుసలో చదువుతుంది, హెడర్‌లో పెట్టిన ఫోన్ నంబరును ఒక్కోసారి అసలే చదవదు.

పీడీఎఫ్ చేశాక ఈ పరీక్ష పెట్టండి: ఫోన్‌లో తెరిచి, మొత్తం అక్షరాలు కాపీ చేసి, మీకు మీరే వాట్సాప్ మెసేజ్‌లో పేస్ట్ చేయండి. వరుస సరిగ్గా వస్తే ఫైలు బాగున్నట్టు. అక్షరాలు ఎంపికే కాకపోతే అది బొమ్మ. ప్రింటు తీసి మళ్లీ స్కాన్ చేసిన రెజ్యూమెలన్నీ ఇట్లాంటివే. ఫైలు పేరు మీ పేరు, పోస్టు పేరు కలిపి ఉండాలి, 'న్యూ రెజ్యూమె ఫైనల్ 3' అని ఉండొద్దు. వర్డ్ ఫైలును జిరాక్స్ సెంటర్‌లోనే వదిలేయకుండా మీ మెయిల్‌కు పంపుకుని, షాపు కంప్యూటర్‌లో ఉన్నది తీసేయించండి.

పంపడం, తీసుకెళ్లడం

మెయిల్ సబ్జెక్టులో పోస్టు, పేరు, చదువు లేదా అనుభవం, ఊరు. లోపల నాలుగు లైన్లు చాలు, ఖాళీ మెయిల్‌కు ఫైలు తగిలించి పంపితే స్పామ్‌లో పడే అవకాశం ఎక్కువ. వాట్సాప్‌లో అయితే డాక్యుమెంట్‌గా పంపండి, ఫొటో తీసి పంపితే అక్షరాలు మసకబారతాయి. 'హాయ్ సర్, జాబ్ ఉందా' అనే మెసేజ్‌కు జవాబు రాదు. మొదటి మెసేజ్‌లోనే పోస్టు పేరు, మీ చదువు, ఊరు, ఫైలు అన్నీ ఉండాలి. నౌకరీతో పాటు రాష్ట్ర ప్రభుత్వం తెచ్చిన డీట్ యాప్‌లో, కేంద్రం నడిపే నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్‌లో కూడా అదే రెజ్యూమె ఎక్కించి పెట్టుకోండి, రెండూ ఉచితమే.

వాకిన్‌కు మూడు ప్రింట్లు. ఒకటి గేటు దగ్గర, ఒకటి హెచ్‌ఆర్ దగ్గర పోతుంది, మూడోది మీరు చూసుకోవడానికి. వెంట పది, ఇంటర్ మెమోలు, డిగ్రీ కన్సాలిడేటెడ్ మెమో, ప్రొవిజనల్, ఆధార్, పాన్, రెండు ఫొటోలు. అనుభవం ఉంటే ఆఫర్ లెటర్, రిలీవింగ్ లెటర్, చివరి మూడు నెలల పే స్లిప్పులు. ఒరిజినల్స్ చూపించి అక్కడే వెనక్కి తీసుకోండి, జిరాక్స్‌ల మీద సంతకం పెట్టి పోస్టు పేరు రాసి ఇవ్వండి. ఆధార్ జిరాక్స్ అడిగితే మొదటి ఎనిమిది అంకెలు కనబడని మాస్క్‌డ్ కాపీ ముందు ఇచ్చి చూడండి. రిజిస్ట్రేషన్ ఫీజనో, యూనిఫాం డిపాజిట్టనో, గేట్ పాస్ ఖర్చనో ఎవరైనా పైసలు అడిగితే ఇవ్వకుండా, కంపెనీ వెబ్‌సైట్‌లో ఉన్న నంబరుకు మీరే ఫోన్ చేసి ఆ వాకిన్ నిజమో కాదో కనుక్కోండి.